ఆరె, సూది, కుంచె: కుట్టుబొమ్మ మీద ఎవరి పేరుండాలె?

ఈమధ్య చిత్రకళా ప్రదర్శనల్లో బొమ్మ మీద కుట్టు కనిపించడం మామూలైపోయింది. బట్ట మీద కొంత రంగు, కొంత దారం. ఒక మొఖం కుంచెతో వేసింది, దాని వెంట్రుకలు సూదితో కుట్టినవి. విమర్శకులు దీన్ని మిశ్రమ మాధ్యమం అంటారు, కొత్త ప్రయోగమని రాస్తారు. ప్రయోగమే, కాదనం. కాని ఎవరికి కొత్త? రంగూ దారమూ పట్టుకొని బట్ట మీద కథ చెప్పడం మా దిక్కు గూడేలకు, వాడలకు, తండాలకు పాత సంగతే. కొత్తగా జరిగింది ఏమంటే, ఆ పని గ్యాలరీలోకి పోయింది. పోయేటప్పుడు కుట్టిన మనిషి పేరును చాలాసార్లు బయటనే విడిచిపెట్టింది.

ఈ వ్యాసంలో మేము రెండు పనులు చేస్తున్నం. చేతికుట్టూ చిత్రలేఖనమూ ఏయే పద్ధతుల్లో కలుస్తాయో వివరించడం ఒకటి. ఆ కలయికలో గీసిందెవరు, కుట్టిందెవరు, సంతకం పెట్టిందెవరు అని అడగడం రెండోది. రెండో ప్రశ్న అడగకుండా మొదటిది అర్థం కాదన్నది మా వాదన.

గంగారం నుంచి చూస్తే

గంగారం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఒక అడవి మండలం. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొత్తగూడ మండలం నుంచి వేరుపడింది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. కోయ గూడేలున్న ప్రాంతం. సమ్మక్క భర్త పగిడిద్దరాజుది ఈ మండలంలోని పూనుగొండ్ల. రెండేండ్లకోసారి మేడారం జాతరకు పెనక వంశం వాళ్లు పగిడిద్దరాజును ఇక్కడి నుంచే కాలినడకన తీసుకపోతరు.

కోయల వంశచరిత్రను అచ్చు పుస్తకంలో వెతికితే దొరకదు. అది డోలి వాళ్ల నోట్లో ఉంది, పడిగె మీద ఉంది. పడిగె అంటే జెండాలాంటి పొడుగాటి బట్ట. దాని మీద ఆ వంశపు వేల్పులు, వీరులు, జంతువుల బొమ్మలుంటయి. రంగులతో గీసినవి కొన్ని, గుడ్డముక్కల్ని బొమ్మలుగా కత్తిరించి కుట్టినవి కొన్ని. కొలుపు నాడు పడిగె విప్పుతారు, డోలి వాయిస్తూ కథ పాడుతారు. 2022లో పద్మశ్రీ అందుకొని 2024లో చనిపోయిన సకిని రామచంద్రయ్య ఈ డోలి సంప్రదాయంలోని కళాకారుడే. పడిగెను చూసేవాడికి ఇది చిత్రమా, కుట్టుపనా అన్న ప్రశ్నే రాదు. అది చదవాల్సిన వస్తువు. కుట్టు అక్కడ అక్షరం పని చేస్తున్నది.

అడవి దిగి జనగామ దిక్కు వస్తే పటం కథలున్నయి. పూర్వపు వరంగల్ జిల్లాలోని చేర్యాలలో (ఇప్పుడది సిద్దిపేట జిల్లా) నకాషీలు ఈ పటాలు వేస్తరు. ఖద్దరు బట్టకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతల మీద పూతలు పూస్తరు. ఆరినంక ఎర్రటి నేల మీద బొమ్మలు దించుతరు. మాదిగలకు జాంబపురాణం చెప్పే దక్కలి వాళ్లకు ఈ పటమే గ్రంథం. లోకం పుట్టకముందే జాంబవుడు పుట్టిండని, మాదిగలు తొలి మనుషుల సంతతి అని ఆ పటం చెప్తది. మను ధర్మం ఊరి బయట నిలబెట్టిన కులానికి బట్ట మీద బొమ్మలు మొదటి స్థానం ఇచ్చినయి. ఇంతకన్నా పెద్ద రాజకీయం చిత్రకళ ఇంకేం చేస్తది? ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలె. ఆ పురాణం చెప్పే దక్కలి మనిషిని మాదిగ వాడ కూడా అంటరానివాడిగనే చూసింది. దక్కలి కులం నుంచి వచ్చిన కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినంక ఆ కులం పేరు చాలామంది మొదటిసారి విన్నరు.

మూడోది తండా. లంబాడీ స్త్రీలు ఫేటియా మీద, కాంచళి మీద, టుక్రి మీద చేసే కుట్టుకు ముందుగా గీసుకున్న నమూనా ఉండదు. నేత దారాలు లెక్కపెట్టుకుంటూ, కొలతను కంటితో పట్టుకుంటూ కుడతరు. అద్దాలు, గవ్వలు, పూసలు ఆ లెక్కలోనే కూర్చుంటయి. కుట్లకు వాళ్ల భాషలో పేర్లున్నయి: కిలణ్, వేలే, బఖియా, మాకీ, సూర్యకాంతి మాకీ. పేర్లుండి, వరుసలుండి, తల్లి నుంచి బిడ్డకు నేర్పే పద్ధతి ఉన్నప్పుడు అది శాస్త్రం కాకుండా ఎట్ల పోతది?

కోయలు, లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు. దక్కలి, మాదిగలు ఎస్సీలు. అదే లంబాడీలు కర్ణాటకలో ఎస్సీల జాబితాలో ఉన్నరు. ఎస్టీ జాబితా గురించి ఆదివాసులకూ లంబాడీలకూ మధ్య ఉన్న తగువు కూడా మాకు తెలియనిది కాదు. వీళ్లందరి బాధా ఒక్కటే అని మేము అనడం లేదు. అయితే వీళ్లందరి చేతిపనిని బయటి కన్ను ఒక్క తీరుగనే చూసింది: బాగుంది గాని, కళ కాదు అని.

ఆరె నుంచి ఆరీ దాకా

కుట్టు అనగానే సుతిమెత్తని ఆడవాళ్ల పని, ఇంట్లో పొద్దుపోని పని అనే ఊహ ఒకటుంది. ఇది అగ్రకుల ఇంటి ఊహ. మా వాడల్లో కుట్టు అంటే మొదట తోలు. చెప్పు కుట్టాలె, మోట బొక్కెన కుట్టాలె, డప్పు మూయాలె. దానికి మాదిగల పనిముట్లు ఆరె, రంపె. రంపెతో తోలు కోస్తరు. ఆరెతో పొడిచి, కింద నుంచి దారాన్ని లాగుతరు.

ఇయ్యాళ ఊరూరా పెండ్లి రవికెల మీద మగ్గం వర్క్ నడుస్తున్నది. చెక్క చట్రానికి బట్టను బిగించి, కొస వంకరగా ఉండే సూదితో పై నుంచి పొడిచి, కింద పట్టుకున్న దారాన్ని ఉంగరంలా పైకి లాగుతరు. ఒక ఉంగరంలో నుంచి ఇంకో ఉంగరం తీస్తే గొలుసు కుట్టు అయితది. ఈ సూది పేరు ఆరీ. కచ్, సౌరాష్ట్ర ప్రాంతాల్లో ఈ పనిలో ప్రసిద్ధికెక్కినవాళ్లు మోచీలు, అంటే చెప్పులు కుట్టే కులం వాళ్లు. తోలు మీద పట్టు దారంతో పూలు కుట్టిన చెయ్యే పట్టుబట్ట మీదికి మారింది. భుజ్ రాజదర్బారుకు వాళ్లు కుట్టిన్రు. 17వ శతాబ్దంలో యూరపు వర్తకులు గుజరాత్ నుంచి ఇట్లాంటి గొలుసు కుట్టు బట్టల్ని ఓడలకెక్కించుకొని పోయిన్రు. ఇప్పటికీ ఆ కుట్టును మోచీ భరత్ అంటరు. తెలుగులో ఆరె, గుజరాత్‌లో ఆరీ, సంస్కృతంలో ఆరా. మూడూ తోలు కుట్టే పనిముట్టు పేర్లే.

అంటే ఏమన్నట్టు? పెండ్లిపీటల మీద శుభప్రదంగా మెరిసే రవికె మీది కుట్టుకు పూర్వీకుడు చెప్పులు కుట్టేవాడి ఆరె. పనిముట్టు పట్టుబట్ట మీదికి ఎక్కింది, దాన్ని పట్టిన కులం మాత్రం గుడి బయటనే ఉండిపోయింది. కులం పనులను మాత్రమే పంచలేదని, పనిచేసే మనుషులనే ఒకరి కింద ఒకరిని మెట్లుగా పేర్చిందని 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ వివరించిండు. కళలో కూడా ఈ మెట్లున్నయి. పైమెట్టు మీద కుంచె, దానికింద సూది, అన్నిటికన్నా కింద ఆరె. పనుల్లో ఉన్న కష్టాన్ని బట్టో, తెలివిని బట్టో ఈ మెట్లు రాలేదు. ఎవరి చేతిలో ఏముందో దాన్ని బట్టి వచ్చినయి.

కుట్టు ఆడవాళ్లదే అన్నది కూడా సగం నిజమే. తోలు కుట్టిన మోచీలు, మాదిగలు మగవాళ్లు. హైదరాబాద్ పాతబస్తీ కార్ఖానాల్లో జర్దోజీ చేసే ముస్లిం పనివాళ్లలోనూ మగవాళ్లున్నరు. కాబట్టి కుట్టును చిన్నచూపు చూడడం వెనక ఆడ-మగ భేదం ఎంతుందో, కులమూ కూలీ అంతే ఉన్నయి.

కలిపే పద్ధతులు మూడు

ఇప్పుడు సాంకేతిక విషయానికొద్దాం. రంగు పొర, దారం ఒకదానికొకటి సులువుగా లొంగవు. కాన్వాసుకు మందంగా తెల్లపూత పూసి రంగు వేస్తే బట్ట బిరుసెక్కుతది. అప్పుడు సూది దించితే పూత పగులుతది, రంధ్రం మానదు. అందుకని ఎక్కువ కుట్టు ఉండే బొమ్మకు పూత వేయని బట్ట తీసుకోవడం, పలుచటి రంగు వాడడం మేలు. ఖద్దరు, ముతక నూలు బట్ట అయితే సూదికి తోవ ఇస్తది. బట్టను చట్రానికో, చెక్క రింగుకో బిగించాలె. వదులైతే ముడతలు పడతది, మరీ బిగిస్తే విప్పినంక కుంచించుకపోయి బొమ్మ వంకర తిరుగుతది. కుంచె గీత పారే నీళ్లలాంటిది. దారం గీత అడుగుల లెక్క: ఒక్కో కుట్టూ ఒక్కో అడుగు. రంగు బట్టలోకి ఇంకుతది, దారం బట్ట మీద లేచి నిలబడి వెలుతురును పట్టుకుంటది. కాబట్టి ఒకే ఎరుపును రంగుతో పూసినా దారంతో నింపినా రెండు ఎరుపులు అయితయి. ఈ తేడా తెలిసినవాళ్ల చేతిలో కుట్టు సొమ్ములాగ అతికించినట్టు ఉండదు, బొమ్మలో భాగమైతది.

చరిత్రలో ఈ కలయిక మూడు తీర్లుగా కనిపిస్తది.

మొదటి తీరు: ఒకరు గీస్తే ఇంకొకరు కుట్టడం. హిమాచల్‌లోని చంబా రుమాళ్లు దీనికి మంచి ఉదాహరణ. పహాడీ చిత్రకారులు బొగ్గుతో గీత గీసి, ఏ రంగు ఎక్కడో చెప్పేవాళ్లు. ఆడవాళ్లు ముందూ వెనకా ఒకే తీరుగ కనపడేటట్టు పట్టు దారంతో నింపేవాళ్లు. పహాడీ చిత్రకారుల్లో నైన్‌సుఖ్ లాంటి వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో నిలిచినయి. రుమాలు కుట్టిన ఆడవాళ్ల పేర్లు అట్ల నిలవలేదు. ఇప్పుడు కూడా ఎంతోమంది పేరున్న కళాకారులు గీత ఇచ్చి, కుట్టు పనిని కూలికి ఇస్తరు.

రెండో తీరు: కుట్టిన బట్టను తెచ్చి బొమ్మలో అతికించడం. లంబాడీ కుట్టుకు ఎక్కువగా పట్టిన గతి ఇదే. పాత ఫేటియాలను, కాంచళ్లను వ్యాపారులు కొని, ముక్కలు కోసి, సంచులు, దిండు గలీబులు చేసి అమ్ముతరు. అవే ముక్కలు కాన్వాసు మీదికీ ఎక్కుతయి. తండాలో ఒక స్త్రీ ఏండ్ల తరబడి కుట్టుకున్న పెండ్లి బట్ట అక్కడ ఉత్త రంగుమచ్చ అయిపోతది. తెలంగాణ చిత్రకారుల బొమ్మల్లో లంబాడీ స్త్రీ ఎన్నోసార్లు కనపడ్డది. ఆమె బట్టను కుంచెతో గీసినవాడు కళాకారుడు, ఆ బట్టను నిజంగా కుట్టిన ఆమె అతని బొమ్మకు వస్తువు.

మూడో తీరు: గీసేదీ కుట్టేదీ ఒక్కరే కావడం, లేదా ఇద్దరైనా సమానంగా ఉండడం. ముంబై చిత్రకారిణి వరుణికా సరాఫ్ ‘వీ, ద పీపుల్’ పేరుతో స్వతంత్ర భారత చరిత్రలోని పోరాటాలనూ హింసనూ 76 బట్టల మీద కుట్టింది. ఆమె నీటిరంగుల్లో బొమ్మలు వేసే మనిషి. వేసే చేయే కుట్టింది కాబట్టి అక్కడ సూదికి కుంచె కింద పనిచేసే గతి పట్టలేదు. పత్రికలు రెండునాళ్లకు మరిచిపోయే సంగతిని కుట్టు నెమ్మదిగా, ఒక్కో పోటుతో గుర్తుపెట్టుకుంటది. మా దృష్టిలో దళిత కళాకారులకు పనికొచ్చే తోవ ఈ మూడోదే.

నల్లజాతి స్త్రీలు చూపిన తోవ

మన ఉద్యమానికి నల్లజాతి పోరాటంతో చుట్టరికం కొత్తది కాదు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును అక్కడి నుంచే తీసుకున్నరు. కుట్టు విషయంలో కూడా అక్కడ చూసి నేర్చుకోవలసింది ఉంది.

హారియట్ పవర్స్ 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయినంక గుడ్డముక్కల్ని బొమ్మలుగా కత్తిరించి, బైబిల్ కథలను ఒక బొంత మీద కుట్టింది. 1886లో ఒక పత్తి సంతలో అది ప్రదర్శనకొచ్చింది. కొన్నేండ్లకు గడవడం కష్టమై, పది డాలర్లు అడిగి ఐదు డాలర్లకు అమ్ముకున్నది. ఇప్పుడది అమెరికా జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ బొంత పవర్స్ పేరుతోనే మిగలడానికి ఒక కారణముంది. కొన్న ఆమె, ప్రతి గడిలో ఏముందో పవర్స్‌ను అడిగి రాసిపెట్టుకుంది. ఒక్క కాగితం ఒక మనిషిని చరిత్రలో నిలబెట్టింది. మన పడిగెల్లో, పటాల్లో, ఫేటియాల్లో ఎన్నిటికి అట్లాంటి కాగితం ఉంది?

ఇక ఫెయిత్ రింగ్‌గోల్డ్ (1930–2024). న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెరిగిన చిత్రకారిణి. ఆమె తల్లి విల్లీ పోసీ బట్టలు కుట్టే పనిలో పేరున్న మనిషి. ముత్తవ్వల కాలంలో ఆ ఇంటి ఆడవాళ్లు బానిసలుగా బొంతలు కుట్టినవాళ్లు. రింగ్‌గోల్డ్ 1980లో తల్లితో కలిసి మొదటి బొంత చేసింది. అక్కడి నుంచి కథల బొంతలు మొదలుపెట్టింది: నడుమ కాన్వాసు మీద ఆక్రిలిక్ రంగులు, చుట్టూ కుట్టిన గుడ్డముక్కల అంచు, మధ్యమధ్య చేతిరాతతో కథ. 1988 నాటి ‘టార్ బీచ్’ ఇప్పుడు గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. నూనెరంగుల కాన్వాసే గొప్ప కళ అనే తెల్లవాళ్ల కొలబద్దను ఆమె ఒప్పుకోలేదు. తల్లి పనిని ‘ప్రేరణ’ అని ఒక మాటతో సరిపెట్టలేదు, తనతో కలిసి పనిచేసిందని పేరు పెట్టి చెప్పింది.

కులవృత్తిని పొగుడుతున్నమా?

ఇక్కడ మన వాళ్ల నుంచే ఒక ప్రశ్న వస్తది, రావాలె కూడా. ఆరె, రంపె మనకు వెట్టి తెచ్చినవి గదా, వాటిని పట్టుకొని కళ అంటే కులవృత్తిని నెత్తికెత్తుకున్నట్టు కాదా? అంబేడ్కర్ హీనమైన పనులను విడిచిపెట్టమన్నడు గదా?

ఈ ప్రశ్న న్యాయమైంది. కులవృత్తులకు తిరిగి పొమ్మని ఎవరైనా అంటే మేము మొదటి శత్రువులం. మాలాగ ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లు అక్కడ నేర్చుకున్న మొదటి పాఠాల్లో ‘కళ’ వేరు, ‘చేతిపని’ వేరు అన్నది ఒకటి. ఆ గీత ఎవరు గీసిన్రని అడిగే ధైర్యం ఉద్యమం ఇచ్చింది. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా, తిట్టుగా వాడిన కులం పేరును తలెత్తుకొని చెప్పుకోవడం నేర్పింది. పేరు చెప్పుకోవడం అంటే ఆ కులం పనిలోనే ఉండిపోతమని కాదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవం పుస్తకంలో తోలుపని, కుండపని, నేతపని చేసినవాళ్లను శాస్త్రజ్ఞులుగా నిలబెట్టిండు. దానికి బొమ్మలు వేసింది గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. ఆమె పేరు రచయిత పేరుతో పాటు ఉంది.

పనిని విడిచిపెట్టే హక్కు ఒకటి. ఆ పనిలో మన పెద్దలు కూడబెట్టిన తెలివి మాది అని చెప్పుకునే హక్కు ఇంకొకటి. రెండూ కావాలె. మనం పనిని విడిచిపెట్టి, తెలివిని కూడా విడిచిపెడితే దాన్ని ఇంకొకరు ఎత్తుకొని ‘ప్రయోగం’ అని పేరు పెట్టుకుంటరు.

ఏం అడగాలె?

భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది. చేర్యాల పటాలకు, కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు ఆ గుర్తింపు దొరికింది. మంచిదే. కాని ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతది, కుట్టిన మనిషి పేరును కాదు, కూలినీ కాదు. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ స్త్రీల చేతిపని 1,755 వస్తువులు ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించిన్రు. ఆ రెండు అంకెలు మనకు గుర్తుంటయి. ఆ ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా మనలో ఎందరికి తెలుసు?

అందుకని మేము కొన్ని మాటలు సూటిగ అంటున్నం. కుట్టూ రంగూ కలిసిన ఏ బొమ్మ గోడకెక్కినా, దాని పక్క చీటీ మీద గీసినవాళ్ల పేరుతో పాటు కుట్టినవాళ్ల పేరు, ఊరు, కుట్టు పేరు వాళ్ల భాషలోనే ఉండాలె. కూలి రవికె లెక్కన కాకుండా రోజుల లెక్కన కట్టాలె, బొమ్మ అమ్ముడుపోతే అందులో వాటా ఉండాలె. లలితకళల కాలేజీల్లో సూదిపని పాఠంగా పెట్టాలె, దాన్ని చెప్పడానికి తండా నుంచి, వాడ నుంచి వచ్చినవాళ్లకు అతిథి కళాకారుల జీతమే ఇవ్వాలె. మ్యూజియాలు పడిగెను, పటాన్ని తెచ్చుకున్నప్పుడు అది ఏ వంశానిదో, ఎవరు గీసిన్రో, ఎవరు కుట్టిన్రో అడిగి రాసిపెట్టాలె.

మన పిల్లలకు కూడా ఒక మాట. చిత్రకళ చదువుతున్న దళిత, ఆదివాసీ విద్యార్థులు బొమ్మ మీద సూది పెట్టేటప్పుడు అది అందం కోసం అద్దే తళుకు అనుకోవద్దు. ఆ కుట్టు ఎక్కడిదో, ఎవరు నేర్పిన్రో తెలుసుకొని పెట్టండి. గొలుసు కుట్టు వేస్తే ఆరె సంగతి చెప్పండి. మాకీ కుట్టు వేస్తే నేర్పిన ఆమె పేరు చెప్పండి. ఆ పేరు బట్ట వెనక కాదు, ముందట, మీ సంతకం పక్కనే రాయండి.